ఊరు వద్దన్న పాలు

మా అమ్మ పాలు కొలవడం చూడాలి. స్టీలు గ్లాసు అంచుదాకా ముంచి, గిన్నెలో వంపి, వాళ్ళు గిన్నె వెనక్కి తీసుకునేలోపు మళ్ళీ గ్లాసు ముంచి ఇంకొంచెం పోస్తుంది. ఆ ఇంకొంచెం పేరే కొసరు. కొసరు పొయ్యకపోతే కొలిచినట్టే ఉండదంటుంది. నాన్న పోయాక మా ఇల్లు నిలబడింది, నేను బందరులో నర్సింగు చదివింది రెండు గేదెల మీద, ఆ గ్లాసు మీద. దివిసీమలో మాది చిన్న ఊరు. ఊళ్ళో సగం పొయ్యిల మీద పొద్దున్నే మరిగేవి మా పాలే.

అలాంటి పాలను ఒక అక్టోబరు నెలలో మా ఊరు వద్దంది. కారణం నేనని ఊరంది. నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

అప్పటికి నేను కేరళలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. కేరళ నర్సులు మనవైపు వస్తారు గానీ మన పిల్ల కేరళ వెళ్ళడమేంటని నేను వెళ్ళిన రోజే నవ్వారు. ఉప్పు కొటారుకి ఉప్పు మోసుకెళ్ళినట్టుందని ఒకాయన అన్నాడు కూడా. ఐసీయూ పని బాగా నేర్చుకుందామని వెళ్ళాను. నేర్చుకున్నాను. రెండో ఏడు సెప్టెంబరులో అక్కడ నిపా వైరస్ వచ్చింది.

ఇక్కడి టీవీలు వెంటనే సరిహద్దులు చూపించడం మొదలుపెట్టాయి. చెక్‌పోస్టు దగ్గర ఒకతను కారులోవాళ్ళ నుదుటికి థర్మామీటరు గురిపెట్టే దృశ్యం ఒక్కటే రోజంతా తిప్పి తిప్పి వేశారు. దాని కింద ఎర్రపట్టీలో పెద్ద ప్రశ్నార్థకం. అది తమిళనాడు దాటిందట, మనకీ వచ్చేస్తుందట, ఆపేవాడే లేడట. అమ్మ రోజూ ఫోన్ చేసి, "సరిహద్దు దాటేసిందంట కదే," అనేది. "నేనింకా దాటలేదమ్మా," అనేదాన్ని.

మా వార్డులో ఒకావిడ ఉండేది, అమ్మ వయసు. కొడుకు గాజు తలుపు అవతలే నిలబడి చూసేవాడు, లోపలికి రానిచ్చేవారు కాదు. నా చేతులకు రెండు జతల గ్లవుసులు. ఆ గ్లవుసుల మీద నుంచే ఆవిడ నా వేలు గట్టిగా పట్టుకుని వదిలేది కాదు. ఏవో చెప్పేది, నాకు మలయాళం సగమే వచ్చు, అన్నిటికీ తలూపేదాన్ని. ఆవిడ బతకలేదు. ఆ రోజు డ్యూటీ దిగి, అన్నీ విప్పి పారేసి, నా చేతులు నేను చూసుకుని ఏడ్చాను. బాధతో ఏడ్చాను, భయంతోనూ ఏడ్చాను. ఆ వైరస్ అంటే భయం లేదని ఎవరైనా అంటే వాళ్ళు దాన్ని దగ్గరగా చూడలేదన్నమాట. కాబట్టి మా ఊరు భయపడిందని నాకు కోపం లేదు. ఆ భయాన్ని తీసుకెళ్ళి ఎవరి నెత్తిన పెట్టారో, అది నాకు కోపం.

వార్డు ఖాళీ అయ్యాక మమ్మల్ని ఉండమన్నన్నాళ్ళూ విడిగా గదిలో ఉన్నాను. పరీక్షలు చేశారు, ఏమీ లేదన్నారు. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు పని చేసి, అప్పుడు సెలవు పెట్టి బయలుదేరాను. అంటే నన్ను ఆపాల్సిన రోజుల్లో నన్ను నేనే ఆపుకున్నాను. ఈ మాట ఆ నెలలో ఎంతమందికి చెప్పానో. విన్నవాళ్ళందరూ తలూపారు, రెండడుగులు వెనక్కి కూడా వేశారు.

మొదట గుడివాడలో దిగాను, అమ్మ తమ్ముడింట్లో. మావయ్య స్టేషనుకు రాలేదు, పని ఉందన్నాడు. ఇంటికెళ్తే అందరికీ గాజు గ్లాసుల్లో టీ ఇచ్చి నాకు పేపరు కప్పులో ఇచ్చారు. మావయ్య నా మొహం చూడకుండా గోడ మీద క్యాలెండరు చూస్తూ సలహా చెప్పాడు.

"ఊళ్ళో కేరళ ఎప్పుడో మానేశాను, హైదరాబాద్ నుంచి వచ్చానని చెప్పవే. ఎవరికి తెలుస్తది?"

"కేరళ నుంచి వచ్చానని బస్సెక్కగానే చెప్తాను మావయ్యా."

"నీ నోరే నీకు శత్రువే," అన్నాడు. ఆ కప్పు నలిపి వాళ్ళ చెత్తబుట్టలో కాక నా బ్యాగులోనే వేసుకుని బస్సెక్కాను. పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్తుంటే పక్క సీటు పెద్దావిడ ఎక్కడి నుంచమ్మా అని అడిగింది. చెప్పాను. పులిగడ్డ అక్విడెక్టు వంతెన దాటకముందే ఆవిడ సీటు మారింది.

ఇంటి ముందు గేదెలకు గడ్డి వేస్తున్న అమ్మ నన్ను చూడగానే చేతిలో మోపు పడేసి వచ్చి వాటేసుకుంది. చేతులు కూడా తుడుచుకోలేదు. నా జాకెట్టు నిండా గడ్డి. కేరళలో ఆ నెలన్నరలో నన్ను మనిషిగా ముట్టుకున్నవాళ్ళు లేరు. అక్కడే వాకిట్లో నిలబడి బాగా ఏడ్చాను. అవతల గోడ మీద నుంచి నాలుగు తలలు చూస్తున్నాయని అప్పుడు తెలియలేదు.

మర్నాడు పొద్దున్న మొదటి కబురు మేస్టారింటి నుంచి వచ్చింది. మేస్టారంటే రిటైరైన టీచరు, మా చర్చికి సంఘ పెద్ద. ఆయన భార్య నాకు వరసకు అత్తయ్య, అమ్మకు వదిన. నేను ఎప్పుడు ఊరొచ్చినా నా దగ్గర షుగరు చూపించుకోవడానికి వేలు చాపుకుంటూ వచ్చేది ఆవిడే. "ఈ వారం పాలొద్దంట, బాబుకి జలుబంట," అని మనవడితో చెప్పించారు. ఆ మనవడే బాబు. ముక్కు శుభ్రంగా ఉంది.

ఆ తర్వాత ఊళ్ళో ఎన్ని జలుబులో. ఒకరింట్లో పొయ్యి చెడిపోయింది, ఒకరు ఉపవాస ప్రార్థనల్లో ఉన్నారు, ఒకరు ఉన్నట్టుండి బ్లాక్ టీకి మారారు. అసలు కారణం వీధి చివర కొట్టు దగ్గర తెలిసింది. ఆ వైరస్ గబ్బిలాలది. గబ్బిలాలు కాలవగట్టు తాటిచెట్ల మీద ఉంటాయి. మా గేదెలు ఆ గట్టు మీదే మేస్తాయి. పైగా గబ్బిలాల దేశం నుంచి వచ్చిన పిల్ల ఆ గేదెల పక్కనే పడుకుంటోంది. ఇక పాలలో ఏముంటుందో వేరే చెప్పాలా? ఆ గబ్బిలాలు మా తాతల కాలం నుంచీ ఆ చెట్ల మీదే ఉన్నాయి. ఆ గట్టు మీద ఊరందరి గేదెలూ మేస్తాయి. వాటి పాలు మాత్రం మంచివే.

పాలకేంద్రానికి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు, "పిన్నీ, కొన్నాళ్ళు ఆగరాదా, మిగతావాళ్ళు క్యాన్లు వెనక్కి తీసుకెళ్తామంటన్నారు," అన్నాడు. అమ్మ నిండు క్యాన్ మోసుకుని నడిచి తిరిగొచ్చింది. ఆవిడ నిండు క్యాన్‌తో ఇంటికి రావడం పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదు. అరుగు మీద దించి, మూత తీసి, అలాగే చూస్తూ కూర్చుంది. పశువుకు చెప్పలేం కదా, ఈ వారం పాలివ్వకు, ఊరు భయపడుతోంది అని.

"నేను వెళ్ళిపోతానమ్మా. రేపే పోతాను. నేను లేకపోతే మళ్ళీ తీసుకుంటారు," అన్నాను.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వెళ్తే వాళ్ళన్న మాట నిజమవుద్ది. కూర్చో. పాలు కాచి తోడెయ్యి."

ఆ రోజు నుంచి మా ఇల్లు వెన్న ఇల్లయింది. పొద్దున పాలు, సాయంత్రం పాలు, అన్నీ కాచడం, తోడెయ్యడం, చిలకడం. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ పెరుగైపోయాయి. నా పుస్తకాల అలమరలో కూడా పెరుగే. చిలికి చిలికి నా చేతులకు కాయలు కాశాయి. మజ్జిగ ఏం చేయాలో తెలిసేది కాదు. గేదెలకే పోసేవాళ్ళం, కోళ్ళకు పోసేవాళ్ళం. నాగాయలంక నుంచి మోపెడ్ మీద చేపల బుట్ట వేసుకొచ్చే ఒకావిడ మాత్రం రోజూ ఆగి చెంబెడు మజ్జిగ తాగి వెళ్ళేది.

"నీకు భయం లేదా?" అని అడిగాను ఒకసారి.

"కరోనాలో మా చేపల్లో రోగముందని మూడు నెలలు బుట్ట దించనియ్యలేదమ్మా ఈ ఊరోళ్ళు. మళ్ళీ ఆళ్ళే పులస వస్తే చెప్పమని ఫోన్లు," అంది. "ఉప్పెయ్యలేదేంటి ఇయ్యాల?"

వారానికోసారి వెన్న కరిగించేవాళ్ళం. దింపేముందు అమ్మ గుప్పెడు మునగాకు వేసేది. ఆ చిటపటకు లేచే కమ్మటి వాసన మా వీధి దాటి అవతలి వీధికి వెళ్ళేది. పాలకు భయపడినవాళ్ళు వాసనకు మాత్రం మాస్కులు పెట్టుకోలేదు. గోడ అవతల నుంచి ఎవరో గట్టిగా పీల్చడం నేను విన్నాను. పిలిచి ఇంత పెట్టాలనిపించలేదు. పీల్చుకోనీ అనుకున్నాను.

ఇంతకీ ఆదివారాల సంగతి చెప్పలేదు. మా చర్చిలో ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. నేను కూర్చున్న చాప మీద నేను, అమ్మ, అంతే. మిగతా చాపల మీద మోకాళ్ళు మోకాళ్ళు రాసుకుంటున్నాయి. మేస్టారు లేచి, కేరళ రాష్ట్రంలో వ్యాధితో బాధపడుతున్న వారి కొరకు, వారికి సేవ చేయుచున్న వారి కొరకు ప్రార్థన చేశారు. నిజంగానే కన్నీళ్ళు వచ్చాయి ఆయనకు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ సేవ చేయుచున్నది నాలుగు చాపల అవతల కూర్చుని ఉంది. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. లేవబోతుంటే అమ్మ నా మోకాలు నొక్కి పట్టుకుంది.

ఇంటికొచ్చాక అడిగాను, ఎందుకు ఆపావని. అమ్మ పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ చెప్పింది. "ఉప్పెనప్పుడు నేను చిన్నపిల్లని. మూడు రోజులు తిండి లేదు. తర్వాత గంజి పోశారు. ఎవరి చేతి గంజో, ఎవరికి ఏం రోగముందో ఒక్కడూ అడగలేదు. ఈ మేస్టారు నా పక్కనే నిలబడి తాగాడు. అది ఆయనకి గుర్తుచెయ్యాలి. అరిస్తే గుర్తు రాదు."

"మరెలా?"

"కోతల పండగ రానీ."

మా చర్చిల్లో కోతల పండగ గురించి తెలియనివాళ్ళకు చెప్పాలి. కోతలు మొదలయ్యాక ఒక ఆదివారం ఎవరింటి పంట వాళ్ళు మొదటి ఫలంగా దేవుడికి తెచ్చి బల్ల ముందు పెడతారు. వరికంకుల కట్టలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోడిపుంజులు, గుడ్లు, పచ్చడి జాడీలు. ఆరాధన అయ్యాక వాటికి వేలంపాట పెడతారు. బజార్లో దొరికే ధరకు నాలుగింతలు పాడతారు, దేవుడికి కదా. బావా బావమరుదులు పంతానికి పోయి ఒక్క సొరకాయ కోసం పరువులు పణంగా పెడతారు. రెండు నియమాలున్నాయి. దేవుడి ముందు పెట్టింది ఏదీ పాట పాడకుండా తిప్పి పంపకూడదు. పాడుకున్నవాళ్ళు కావాలంటే దాన్ని మళ్ళీ దేవుడికే ఇచ్చేయొచ్చు, అప్పుడు దానికి మళ్ళీ మొదటి నుంచి పాట.

ఆ ఆదివారం అమ్మ నెయ్యి తెచ్చింది. ఏ జాడీలోనో కాదు, ఊరంతా తిరిగే ఆ పాల క్యాన్‌లోనే. తోమి తోమి తళతళలాడించింది. దాన్ని చూసి గుర్తుపట్టనివాళ్ళు ఆ చర్చిలో లేరు. వాళ్ళు వద్దన్న పాలన్నీ, ప్రతి ఇంటి జలుబూ ప్రతి ఇంటి ఉపవాసమూ, నెయ్యి అయి ఆ క్యాన్‌లో పేరుకుని ఉన్నాయి. అమ్మ దాన్ని గుమ్మడికాయలకూ కోడిపుంజుకూ మధ్యలో పెట్టి వచ్చి చాప మీద కూర్చుంది.

పాట పాడించే కుర్రాడు నోరున్నవాడు. కోడిపుంజుకు మీసాలున్నాయన్నాడు, గుమ్మడికాయను కొత్త పెళ్ళికూతురన్నాడు. అందరూ నవ్వుతున్నారు. క్యాన్ దగ్గరకు వచ్చేసరికి మాట తడబడింది. చేతులు వెనక్కి పెట్టుకుని, "ఇది... నెయ్యి. దీన్ని ఆఖర్న చూద్దామండి," అని పక్కనున్న అరటిగెల ఎత్తబోయాడు.

"ఎందుకు ఆఖర్న?" అన్నాను కూర్చున్నచోటు నుంచే. "వరసలో ఉందిగా. పాట పెట్టు."

వాడు మేస్టారి వైపు చూశాడు. మేస్టారు బైబిలు అట్ట వైపు చూశారు. పాస్టరు గారు మెల్లగా, "పెట్టు బాబూ," అన్నారు. వాడు పెట్టాడు. ఎవరూ పలకలేదు. ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. బయట ఫ్యాన్సీ వస్తువులమ్మే బండి మైకు ఒక్కటే వినిపిస్తోంది. అమ్మ తల వంచలేదు, సూటిగా బల్ల వైపే చూస్తోంది. కానీ చాప కింద నుంచి ఒక ఈనె లాగి వేళ్ళతో ముక్కలు ముక్కలు చేస్తోంది. అది చూసి లేచాను.

నేనే పాడాను. గుమ్మడికాయకు ఎంత పలికిందో అంత. ఇంకెవరూ లేరు కాబట్టి నాకే వచ్చింది. డబ్బు బల్ల మీద పెట్టి, "మళ్ళీ దేవుడికే," అన్నాను. కుర్రాడు నోరు తెరిచాడు. మళ్ళీ పాట. మళ్ళీ ఎవరూ లేరు, మళ్ళీ నేనే. మళ్ళీ దేవుడికే. మూడోసారికి మగవాళ్ళ వైపు నుంచి, "ఎంతసేపమ్మా ఇది," అని ఎవరో గొణిగారు.

"మీలో ఒకరు పలికేదాకా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నా దగ్గర జీతం ఉంది, సెలవు ఉంది. సాయంత్రందాకా పాడతాను. అక్కడ ఒకావిడ చనిపోతూ నా వేలు పట్టుకుంది. మా అమ్మలాంటి ఆవిడ. నేను విదిలించుకోలేదు. ఇక్కడ మా అమ్మ చేతి పాలు మీరు విదిలించారు. నాలో రోగం లేదని డాక్టర్లు చెప్పారు, నేను చెప్పాను, మీరు వినలేదు. వినకండి. నాకు భయపడాలంటే భయపడండి. మా అమ్మనేం చేశారు? పాలనేం చేశారు? ఇవి నిప్పు మీద కాగిన పాలు. మీ నోళ్ళ కన్నా శుభ్రంగా ఉన్నాయి."

చర్చిలో అలా మాట్లాడకూడదు, తెలుసు. పాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు, ప్రార్థన చేస్తున్నారో, నేనాగాలని చూస్తున్నారో. అమ్మ నా మోకాలు నొక్కలేదు ఈసారి.

అప్పుడు అత్తయ్య లేచింది. మేస్టారు "ఏమే" అంటున్నా వినిపించుకోకుండా, నడుం పట్టుకుని చాపల మధ్య నుంచి నడుస్తూ బల్ల దగ్గరకు వచ్చింది. క్యాన్ మూత తీసి, లోపలికి తొంగి చూసి, వాసన చూసింది.

"మునగాకేశావా వదినా?"

"ఎయ్యకుండా ఎప్పుడు కాశాను?" అంది అమ్మ, కూర్చున్నచోటు నుంచి కదలకుండా.

అత్తయ్య చూపుడువేలు ముంచి, పూసకట్టిన నెయ్యి ఇంత తీసి, అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకుంది. నింపాదిగా చప్పరించింది. తర్వాత కొంగు ముడి విప్పుతూ కుర్రాడితో, "నా పాట రాసుకో," అంది. మేస్టారు తల ఎత్తారు. ఆయన ఎంతసేపు భార్య వైపు చూశారో, ఆ తర్వాత అమ్మ వైపు అంతసేపూ చూశారు. గంజి గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. ఆయన కూడా పాడారు, భార్య మీదే. దాంతో వెనకాల ఎవరో నవ్వారు, ఇంకెవరో పాడారు, ఇక చూడండి. ఆ ఏడాది ఆ చర్చిలో దేనికీ అంత పాట రాలేదు. ఆఖరికి అత్తయ్యే దక్కించుకుని క్యాన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, సాయంత్రానికి ఖాళీ చేసి ఇస్తానంది. మా చాప మీదికి ఇద్దరు జరిగి వచ్చారు. నేను జరిగి చోటివ్వలేదు. వాళ్ళే సర్దుకున్నారు.

మర్నాడు తెల్లవారేసరికి మా వాకిట్లో గిన్నెలు. జలుబులన్నీ ఒక్క రాత్రిలో తగ్గాయి. అమ్మ పాలు పితికి, క్యాన్ తెచ్చి అరుగు మీద పెట్టి, గ్లాసు నా చేతికిచ్చింది.

"ఇయ్యాల్టి నుంచి మా అమ్మాయి సెలవయ్యేదాకా పాలు మా అమ్మాయే పోసిద్ది," అంది అందరికీ వినపడేలా. "కావలసినవాళ్ళు పోయించుకోండి. మేం ఇళ్ళకి తిరగం."

ఒకరిద్దరు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ వెళ్ళిపోలేదు. నేను చేతులు కడుక్కున్నాను, వాళ్ళ ఎదురుగానే, ఆసుపత్రిలో కడుక్కున్నట్టు మోచేతులదాకా. తర్వాత ఒక్కొక్కరికీ గ్లాసు అంచుదాకా ముంచి పోశాను. ఎవరికీ చుక్క తగ్గించలేదు. చుక్క ఎక్కువా పొయ్యలేదు.

అత్తయ్య వంతు వచ్చింది. కొలత పోశాక కూడా గిన్నె వెనక్కి తీసుకోలేదు. అలవాటు కదా. అమ్మ గేదె దగ్గర నుంచి నా చేతి వైపే చూస్తోంది.

"కొసరేదే?" అంది అత్తయ్య.

"కొసరు ఇష్టంతో పోసేది అత్తయ్యా. నాకింకా రాలేదు."

ఆవిడకు కోపం రాలేదు. గిన్నె కొంగు కింద పెట్టుకుని, రెండో చెయ్యి నా ముందుకు చాపి, షుగరు చూడమని వేలు చూపించింది.

"వచ్చినప్పుడే పొయ్యి. రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను," అంది.

మిషను తేవడానికి లోపలికి వెళ్ళాను.